ట్రాక్టరు ఆయిలు: కంపెనీవారి మాట నమ్మవచ్చునా?

ట్రాక్టరులు గల మన సభ్యులలో ఒక వివాదము తరచు వినవచ్చుచున్నది. ఇంజను ఆయిలును 250 గంటల కొకసారి మార్చవలెనని అనేక ట్రాక్టరుల పుస్తకములలో వ్రాసియుండును. షెడ్డులోని మెకానిక్కు 100 గంటలకే మార్చుమనును. ఎవరి మాట వినవలెను?

కంపెనీవారు ఖర్చు తక్కువని చూపి బండ్లు విక్రయించుటకై గడువును పొడిగింతురని కొందరి సందేహము. ఇది నిరాధారము కాదు. అయితే లాభాపేక్ష కంపెనీవారికి మాత్రమే కలదా? ఆయిలు విక్రయించువానికిని, విప్పి బిగించి కూలి పుచ్చుకొనువానికిని లేదా? పైగా, వారంటీ కాలమున ఇంజను తనంతట చెడినచో నష్టము కంపెనీవారిదే. తమ సొమ్మునకే చేటు తెచ్చు గడువును వారు వ్రాసికొనరు. వారంటీ తీరిన పిమ్మట వారికా భయము లేదు. అటుపై జాగ్రత్త మనది.

మెకానిక్కు లెక్కయు ఒకనాటి యనుభవమే. డీజిలులోని గంధకము మండి, తేమతో గూడి, ఆమ్లమై ఆయిలు శక్తిని హరించును. 2000 సంవత్సరపు ప్రమాణముల ప్రకారము డీజిలులో పదిలక్షల పాళ్లకు 2500 పాళ్లవరకు గంధకముండవచ్చును. 2020 ఏప్రిలు నుండి 10 పాళ్లకు మించరాదు. ఆయిలులును మెరుగుపడినవి. కాలము మారెను గాని లెక్క మారలేదు. ఏటా 500 గంటలు నడచు ట్రాక్టరునకు ఆ లెక్కన ఐదు మార్పులు, పుస్తకము లెక్కన రెండు. మార్పునకు ఎనిమిది లీటర్ల చొప్పున 24 లీటర్ల ఆయిలు వ్యర్థమగును.

ఆయిలు నల్లబడినంతనే చెడినదనుట పొరపాటు. మసిని ఇంజనునకు అంటనీయక తనలో నిలుపుకొనుట మంచి ఆయిలు లక్షణమే. కాని పాలవలె తెల్లబడినచో నీరు చేరినదనియు, పలుచనై డీజిలు వాసన వేయుచు మట్టము పెరిగినచో డీజిలు దిగుచున్నదనియు గ్రహింపవలెను. అప్పుడు గడువు చూడక బండి నాపి, కారణము కనుగొని బాగుచేయించి, ఆయిలు మార్పవలెను.

ఇక పుస్తకమును నమ్ముదుమనువారు దానిని తుదివరకు చదువుచున్నారా? 250 గంటలు సామాన్యమైన పనికి చెప్పిన హద్దు. ధూళిలోను, అధిక భారముతోను నడచునప్పుడు గడువు తగ్గింపవలెనని సాధారణముగా ఆ పుస్తకములోనే యుండును. వేసవి దుక్కులు, నూర్పిళ్లు, ఇటుక బట్టీల తోలకములు చేయించు మనకు ఆ షరతే ముఖ్యము. ఎయిర్ ఫిల్టరును శుభ్రపరుపక ఆయిలు మాత్రము మార్చుట ఫలము లేని ఖర్చు. క్రొత్త బండికి తొలి మార్పు ముందుగానే చెప్పుదురు. తక్కువ నడచు బండికి ఏడాది కొకసారి యైనను మార్పు తప్పదు. కార్లకును ఇదే న్యాయము: కిలోమీటర్లు, నెలలు, వీనిలో ఏది ముందు వచ్చిన నదియే గడువు.

కావున కంపెనీవారి మాటను నమ్మవచ్చును. అయితే ఒక్క అంకెను గాక మాట నంతను నమ్మవలెను. పుస్తకము చెప్పిన తరగతి ఆయిలునే కొని, రసీదు దాచి, మార్చిననాటి మీటరు గంటలను వ్రాసి యుంచవలెను. మన సంఘము సీలు చెడని మంచి ఆయిలును ఒక్కుమ్మడిగ తెప్పించి సభ్యులకు పంచినచో కల్తీ భయమును తగ్గును. విత్తనపు అదనులో ఇంజను చెడిన రైతునకు కలుగు నష్టము మరమ్మతు ఖర్చుతో తీరదు. అదను మరల రాదు. సభ్యులీ విషయమును రానున్న సమావేశమున ఆలోచింపవలెనని మా మనవి.