డౌన్‌లోడు మేనేజరు చేతికి ఇంటి తాళాలా?

1990 దశకం చివరలో అమెరికాలో కాపురం పెట్టిన తెలుగువారి చెవులలో మోడెము చేసే ఆ కీచుధ్వని ఇప్పటికీ మెదులుతూనే ఉంటుంది. పెట్టె మీద సెకనుకు 56 కిలోబిట్లు అని వ్రాసి ఉన్నా, చేతికి అందేది సెకనుకు సుమారు 5 కిలోబైట్లే. ఆ లెక్కన 10 మెగాబైట్ల ఫైలు దిగడానికి అరగంట దాటేది. తొంభై పాళ్ళు దిగిన తరువాత బాపట్ల నుండి అమ్మ ఫోను చేసిందంటే లైను తెగేది. కథ మళ్ళీ మొదటికి వచ్చేది.

ఈ బాధను తీర్చడానికే గెట్‌రైట్, ఫ్లాష్‌గెట్ వంటి డౌన్‌లోడు మేనేజర్లు వెలిశాయి. అవి బ్రౌజరులో భాగం కావు, బయటి ప్రోగ్రాములు. వాటికి బలాన్నిచ్చినది 1997 జనవరిలో వెలువడిన హెచ్.టి.టి.పి. 1.1 ప్రమాణం. ఫైలు మొత్తం కాకుండా, ఇన్నో బైటు నుండి ఇన్నో బైటు వరకు మాత్రమే పంపమని సర్వరును అడిగే వీలు ఆ ప్రమాణంలో ఉన్నది. సర్వరు అందుకు సమ్మతిస్తే 206 అనే సంకేతంతో ఆ ముక్కను పంపుతుంది. ఆ వసతి లేని సర్వరు 200 అని చెప్పి ఫైలును మొదటి నుండి అప్పగిస్తుంది. ఆగిన చోటి నుండి కొనసాగించడం, ఒకే ఫైలును నాలుగు ముక్కలుగా ఏకకాలంలో దింపి అతికించడం, రెండూ ఈ ఒక్క సూత్రం మీదనే నడుస్తాయి. సగం దిగిన తరువాత సర్వరులోని ఫైలు మారిపోతే ఏమవుతుందన్న సందేహం రావచ్చు. అందుకే ప్రతి ఫైలుకూ ఒక గుర్తును జతపరిచే ఏర్పాటు కూడా ఆ ప్రమాణంలోనే ఉన్నది. ఆ గుర్తును సరిచూడని మేనేజరు పాత ఫైలు తలను, కొత్త ఫైలు మొండేన్ని కలిపి కుట్టి చేతిలో పెడుతుంది.

నాడు అవసరమైన ఈ సాధనం నేడు కూడా అవసరమేనా, అయితే దానికి ఎంత చనువు ఇవ్వాలి అన్నది ఇప్పుడు ఆలోచించదగిన ప్రశ్న.

వేగం పేరు చెప్పి ఈ ప్రోగ్రాములను అంటగట్టే ప్రకటనలను మాత్రం కొంత అనుమానంతో చూడడమే మేలు. రసాయన చర్య అనేక దశలలో జరిగినప్పుడు మొత్తం వేగాన్ని నిర్ణయించేది అన్నింటిలోకీ మందకొడి దశ. మిగిలిన దశలను ఎంత తొందరపెట్టినా ప్రయోజనం ఉండదు. డౌన్‌లోడు సంగతీ అంతే. పూర్వం ఒక కనెక్షనులో జవాబు రాకముందు పంపగల సమాచారం 64 కిలోబైట్లకు పరిమితమై ఉండేది. అమెరికా నుండి హైదరాబాదుకు పోయి రావడానికి పావు సెకను పడుతుందనుకుంటే, ఒక కనెక్షను మీద సెకనుకు 256 కిలోబైట్లకు మించి రావు. అప్పుడు నాలుగు కనెక్షన్లు తెరిస్తే నాలుగింతల లాభం ఉండేది. ఆ పరిమితిని పెంచే పద్ధతిని 1992లోనే రూపొందించారు. నేటి కంప్యూటర్లలో అది సహజంగానే అమలులో ఉంటుంది. కాబట్టి ఇంటి లైనే మందకొడి దశ అయినప్పుడు ముక్కలు చేయడం వల్ల ఒరిగేది ఏమీ లేదు. సర్వరువారు ఒక్కొక్క కనెక్షనుకు ఇంత అని వాటా కట్టిన చోట లాభం ఉన్న మాట నిజమే. కాని అది పెళ్ళి బంతిలో ఒక్కడే నాలుగు ఆకులు వేసుకొని కూర్చోవడం వంటిది. విరాళాల మీద నడిచే చిన్న గ్రంథాలయపు సర్వరు దగ్గర ఆ పని చేయకపోవడం మర్యాద.

నిజమైన ఉపయోగం వేరే చోట ఉన్నది. చిత్తూరు జిల్లా కాటూరులో పుట్టి, 1994లో ట్యూరింగ్ పురస్కారం అందుకొన్న ఆచార్య రాజ్ రెడ్డి ప్రభృతులు చేపట్టిన పది లక్షల పుస్తకాల పథకం వల్ల వేలాది పాత తెలుగు పుస్తకాలు బొమ్మల రూపంలో కంప్యూటర్లకు ఎక్కాయి. తొలినాళ్ళలో భారత డిజిటల్ లైబ్రరీలో పుస్తకాన్ని ఒక్కొక్క పుటగా తెరిచి చూడవలసి వచ్చేది. ఆ అవస్థ పడలేక ఔత్సాహికులు పుటలన్నింటినీ వరుసగా దింపి ఒక్క పుస్తకంగా కూర్చే చిన్న ప్రోగ్రాములు వ్రాసుకొన్నారు. ఆ పుస్తకాలలో అనేకం ఇప్పుడు ఇంటర్నెట్ ఆర్కైవులో దొరుకుతున్నాయి. యాభై సంపుటాలను రాత్రి వరుసలో పెట్టి, తెగినదాన్ని దానంతట అదే తిరిగి అందుకొనేటట్లు చేసి నిద్రపోవాలంటే బ్రౌజరు కంటె మేనేజరే మెరుగు. గ్రామాలలో తెగుతూ అతుకుతూ నడిచే కనెక్షన్ల మీద ఆధారపడిన తల్లిదండ్రులకు కూడా అది అక్కరకు వస్తుంది.

చిక్కల్లా దానిని బ్రౌజరుకు ముడివేయడంలో ఉన్నది. లాగిన్ అయిన తరువాతనే దొరికే ఫైళ్ళను బయటి ప్రోగ్రాము తనంతట తాను తేలేదు. ద్వారం దగ్గర చూపవలసిన కుకీ అనే చీటీ బ్రౌజరు దగ్గర ఉంటుంది. చీటీ లేకుండా వెళ్ళిన మేనేజరు 300 మెగాబైట్ల ఫైలుకు బదులు పది కిలోబైట్ల లాగిన్ పుటను తెచ్చి, దానికే ఫైలు పేరు పెట్టి ఊరుకొంటుంది. ఈ ఇబ్బందిని తప్పించడానికి మేనేజరు వారు బ్రౌజరులో ఒక ఎక్స్‌టెన్షను పెట్టిస్తారు. అన్ని వెబ్‌సైట్లలోనూ మీ సమాచారాన్ని చదివే, మార్చే హక్కు దానికి కావాలని బ్రౌజరు హెచ్చరిస్తుంది. చాలామంది చదవకుండానే సరే అంటారు. ఆ బ్రౌజరులోనే బ్యాంకు ఖాతా, పన్నుల పత్రాలు, వీసా దరఖాస్తు, పిల్లల బడి ఖాతా అన్నీ తెరుచుకొంటాయి. సామాను దించడానికి వచ్చిన కూలీకి బీరువా తాళాలు ఇచ్చినట్లు లేదూ?

ఇది ఊహాభయం కాదు. తెగిన డౌన్‌లోడును కొనసాగించడానికి నెట్‌స్కేప్ సంస్థ ఉచితంగా ఇచ్చిన ‘స్మార్ట్‌డౌన్‌లోడ్’ తాము దింపుకొన్న ఫైళ్ళ వివరాలను సంస్థకు చేరవేస్తున్నదని కొందరు అమెరికా న్యాయస్థానంలో దావా వేశారు. షరతులకు వినియోగదారులు ఒప్పుకొన్నారని, కనుక వివాదం మధ్యవర్తికి వెళ్ళాలని సంస్థ వాదించింది. ఆ షరతుల ప్రస్తావన డౌన్‌లోడు మీటకు దిగువన, పుటను కిందికి జరిపితే తప్ప కనబడని చోట ఉన్నది. అది అంగీకారం కాదని 2002లో అప్పీలు న్యాయస్థానం తీర్పు చెప్పింది. ఆ తీర్పును వ్రాసిన న్యాయమూర్తి సోనియా సోటోమయోర్; ఆమె 2009లో సుప్రీంకోర్టుకు వెళ్ళారు. మరి ఇరవై ఏళ్ళకు, 2023లో, ఫ్రీ డౌన్‌లోడ్ మేనేజర్ వెబ్‌సైటుకు వెళ్ళిన లినక్సు వాడుకదారులలో కొందరు కొన్నేళ్ళ పాటు పాస్‌వర్డులు దొంగిలించే నకిలీ ప్యాకేజీ వైపు మళ్ళించబడ్డారని కాస్పర్‌స్కీ సంస్థ బయటపెట్టింది. అక్కడ తప్పు మేనేజరుది కాదు, దాని వాకిలిలో చొరబడిన వారిది. అయినా నష్టపోయింది వాడుకదారుడే.

కనుక మామూలు అవసరాలకు బ్రౌజరులోని డౌన్‌లోడు ఏర్పాటే చాలు. క్రోమ్, ఫైర్‌ఫాక్స్ రెండూ తెగిన ఫైలును చాలా సందర్భాలలో కొనసాగించగలవు. పెద్ద పని పడినప్పుడు డబ్ల్యూగెట్, ఆరియా2 వంటి, మూలం అందరికీ తెరిచి ఉన్న ప్రోగ్రాముకు లంకెను చేతితో అతికించి ఇవ్వడం కొంచెం శ్రమే. కాని ఆ శ్రమకు ఫలం ఉన్నది. రెండు ఫైళ్ళ నడుమ విరామం ఇమ్మని కూడా డబ్ల్యూగెట్‌కు చెప్పవచ్చు. ఎక్స్‌టెన్షను తప్పనిసరి అనుకొంటే బ్యాంకు ముఖం చూడని వేరే బ్రౌజరులో దానిని పెట్టుకోవాలి.

దిగిన ఫైలు సరైనదేనా అన్నది మరొక మాట. రసాయనశాలలో సీసా మీది చీటీని నమ్మి ఎవరూ ఊరుకోరు. ద్రవీభవన స్థానం చూస్తారు. కొద్ది మాలిన్యం ఉన్నా అది తగ్గిపోతుంది. ఫైలుకు ఆ పరీక్ష ఎస్.హెచ్.ఎ.-256 అనే 64 అక్షరాల ముద్ర. ఒక్క బిట్టు మారినా ముద్ర పూర్తిగా మారిపోతుంది. విండోస్‌లో సర్టుటిల్, మాకింటోష్‌లో షాసమ్ దానిని లెక్కకట్టి చూపుతాయి. అయితే ముద్ర కూడా ఫైలు ఉన్న పుటలోనే ఉంటే, ఫైలును మార్చిన దొంగ ముద్రను కూడా మార్చగలడు. వేరొక చోటు నుండి తెచ్చుకొన్నదే నమ్మదగినది.

డిసెంబరు సెలవులకు ఇంటికి వెళ్ళిన కొడుకు తండ్రి కంప్యూటరులో మేనేజరును పెట్టి, పాత సినిమాలు నాలుగు దింపి, జనవరిలో విమానం ఎక్కుతాడు. ఆయన పింఛను చూసుకొనేది కూడా ఆ బ్రౌజరులోనే. వచ్చే ముందు ప్రోగ్రామును తీసివేసినా ఎక్స్‌టెన్షను అక్కడే మిగిలిపోవచ్చు. రెండింటినీ విడివిడిగా తీయవలసి ఉంటుంది.