ఏప్రిల్ నెల తీర్పులు

2025 మార్చి 23న ఉప్పల్‌లో సన్‌రైజర్స్ హైదరాబాద్ రాజస్థాన్ రాయల్స్ మీద 286 పరుగులు చేసింది. ఐపీఎల్‌లో అప్పటికి అత్యధిక స్కోరు 287. అది కూడా ఈ జట్టుదే, అంతకు ముందు ఏడాది బెంగళూరులో కొట్టింది. తమ సొంత రికార్డుకు ఒక్క పరుగు దూరంలో ఆగిపోయారన్న మాట. ఆరెంజ్ జెర్సీలో మొదటిసారి ఆడిన ఇషాన్ కిషన్ 47 బంతుల్లో 106 చేసి అజేయంగా నిలిచాడు. ఆ సాయంత్రం స్టేడియం మెట్రో స్టేషన్ మెట్లెక్కుతున్న జనం నోట ఒకటే మాట: మూడొందలు ఎప్పుడు?

రెండు వారాలు తిరిగేసరికి ఏప్రిల్ 6న అదే మైదానంలో, అదే జనం ముందు ఆ జట్టు వరుసగా నాలుగో మ్యాచ్ ఓడింది. పాయింట్ల పట్టికలో అట్టడుగుకు జారింది. మార్చిలో నెత్తిన పెట్టుకున్నవాళ్లే ఏప్రిల్‌లో తూర్పారబట్టారు. కమిన్స్‌కు కెప్టెన్సీ రాదన్నారు, హెడ్ పని అయిపోయిందన్నారు, ఇలా కళ్లు మూసుకుని బాదడం కూడా ఒక ఆటేనా అన్నారు. ఏప్రిల్ 12న పంజాబ్ కింగ్స్ మీద 246 పరుగుల లక్ష్యాన్ని 18.3 ఓవర్లలో కొట్టేసి, అభిషేక్ శర్మ 55 బంతుల్లో 141 బాదేసరికి ఆ మాటలన్నీ మళ్లీ తిరగబడ్డాయి. ఇరవై రోజుల్లో మూడు తీర్పులు.

అభిమాని తొందరపడతాడని అందరూ చెబుతారు. పద్నాలుగు మ్యాచ్‌ల లీగ్‌లో నాలుగైదు ఆటలు చూసి జట్టు తలరాత రాసేయకూడదని టీవీ నిపుణులు హితవు పలుకుతారు. దానికి సాక్ష్యాలూ దొరుకుతాయి. అదే 2025లో ముంబై ఇండియన్స్ మొదటి ఐదు మ్యాచ్‌లలో నాలుగు ఓడి, క్వాలిఫయర్ 2 దాకా వెళ్లింది. హైదరాబాద్ సంగతే చూస్తే, 2016లో సన్‌రైజర్స్ బెంగళూరులో ఒకటి, ఉప్పల్‌లో కోల్‌కతా మీద ఒకటి, మొదటి రెండూ ఓడింది. మే 29న చిన్నస్వామి స్టేడియంలో ఫైనల్ గెలిచి కప్పు ఎత్తింది.

కానీ ఈ హితవు సగమే నిజం. హైదరాబాద్ పాత జట్టు డెక్కన్ ఛార్జర్స్ కథ రెండో సగం చెబుతుంది. 2008లో ఆ జట్టు పద్నాలుగింటిలో రెండే గెలిచి ఆఖరి స్థానంలో మిగిలింది. మరుసటి ఏడాది టోర్నీ దక్షిణాఫ్రికాకు తరలిపోయింది. గిల్‌క్రిస్ట్ నాయకత్వంలో ఛార్జర్స్ మొదటి నాలుగు మ్యాచ్‌లూ వరుసపెట్టి గెలిచింది. తర్వాత తడబడి, మిగిలిన పదిలో మూడే గెలిచింది. ఏడు గెలుపులతో నాలుగో స్థానంలో ఎలాగో సెమీస్‌లోకి దూరి, జోహన్నెస్‌బర్గ్ ఫైనల్లో బెంగళూరును 6 పరుగుల తేడాతో ఓడించింది. హైదరాబాద్‌కు దక్కిన తొలి ఐపీఎల్ టైటిల్‌కు ఆయువుపట్టు మొదటి వారాల్లో మూటగట్టుకున్న ఆ ఎనిమిది పాయింట్లే. ఏప్రిల్‌లో వచ్చిన పాయింటుకూ మేలో వచ్చిన పాయింటుకూ విలువలో తేడా లేదు. ఇంకా బోలెడు మ్యాచ్‌లున్నాయి కదా అని తీసిపారేసేవాళ్లు దీన్ని పట్టించుకోరు.

అందుకే సీజన్ మొదట్లో అభిమాని మాట్లాడటం తప్పేమీ కాదు. తప్పంతా అతడు చూసే చోట ఉంది. 2025లో ఆ నాలుగు ఓటముల స్కోర్‌కార్డులు తీసి పక్కపక్కన పెడితే విషయం బోధపడుతుంది. లక్నో మీద సన్‌రైజర్స్ 190 చేసింది. నికొలస్ పూరన్ 26 బంతుల్లో 70 కొట్టడంతో లక్నో 16.1 ఓవర్లలోనే ముగించింది. ఢిల్లీ మీద 163కు ఆలౌటైంది, వాళ్లు సరిగ్గా 16 ఓవర్లలో కొట్టేశారు. కోల్‌కతా 200 చేసి సన్‌రైజర్స్‌ను 120కే చుట్టేసింది. గుజరాత్ టైటాన్స్‌కు 153 లక్ష్యం ఇస్తే 16.4 ఓవర్లు సరిపోయాయి. ప్రత్యర్థి ఛేజ్ చేసిన మూడు మ్యాచ్‌లలోనూ మూడు ఓవర్లకు పైగా మిగిలిపోయాయి. గెలిచిన మొదటి మ్యాచ్‌లో రాజస్థాన్ 242 చేసింది, అభిషేక్ వీరవిహారం చేసిన రోజు పంజాబ్ 245 చేసింది. ఆ పంజాబ్ మ్యాచ్‌లో మహ్మద్ షమీ నాలుగు ఓవర్లలో 75 పరుగులిచ్చాడు, వికెట్ లేదు.

జనం ఆ మూడు వారాలూ బ్యాటింగ్ గురించే కొట్టుకున్నారు. మూడొందలు వస్తాయా రావా, దూకుడు తగ్గించాలా వద్దా. చిల్లు పడింది మాత్రం బంతి చేతిలో పట్టుకున్న వైపు.

ఆ చిల్లు ఏప్రిల్‌లో పడింది కాదు. మెగా వేలానికి ముందు ఒక్కో జట్టు చేతిలో 120 కోట్ల రూపాయలుంటే సన్‌రైజర్స్ అందులో 75 కోట్లు ఐదుగురికే పెట్టింది. క్లాసెన్‌కు 23, కమిన్స్‌కు 18, అభిషేక్, హెడ్‌లకు చెరి 14, నితీశ్ కుమార్ రెడ్డికి 6. వీళ్లలో అచ్చమైన బౌలర్ కమిన్స్ ఒక్కడే. మిగిలిన 45 కోట్లలో ఇషాన్ కిషన్‌కు 11.25 కోట్లు పోయాయి. షమీని 10 కోట్లకు, హర్షల్ పటేల్‌ను 8 కోట్లకు తెచ్చుకున్నారు. 2014 నుంచి ఈ జట్టుతోనే ఉండి, 2016లో 23, 2017లో 26 వికెట్లతో రెండేళ్లూ పర్పుల్ క్యాప్ గెలిచిన భువనేశ్వర్ కుమార్ 10.75 కోట్లకు బెంగళూరు వెళ్లాడు. సరిగ్గా అంతే ధరకు నటరాజన్ ఢిల్లీ వెళ్లాడు. 2025 జూన్‌లో బెంగళూరు మొదటిసారి కప్పు గెలిచినప్పుడు భువీ ఆ జట్టులో ఉన్నాడు. ఐదుగురిని అట్టిపెట్టుకున్నప్పుడే సగం రాసిపెట్టిన ఫలితాన్ని చూసి వసంతంలో ఆశ్చర్యపోవడమే ఆశ్చర్యం.

హైదరాబాద్ అభిమానికి ఇది మరీ గుర్తుండాల్సిన సంగతి. ఎందుకంటే ఒకప్పుడు ఈ జట్టు బతికిందే బౌలింగ్ మీద. 2018 ఏప్రిల్‌లో వాంఖడేలో 118కే ఆలౌటై, ముంబైని 87కు కూల్చింది. రెండు రోజుల తర్వాత ఉప్పల్‌లో 132 చేసి పంజాబ్‌ను 119కి ఆపింది. ఆ వారంలోనే జైపూర్‌లో 151 కాపాడుకుంది. ఆ రోజుల్లో ఇదే అభిమాని బ్యాటింగ్ చప్పగా ఉందని విసుక్కునేవాడు. 2024లో ముంబై మీద 277, బెంగళూరు మీద 287, ఢిల్లీలో పవర్‌ప్లేలోనే 125 చూశాక కోరిక తీరింది. ఆ ఏడాది ఫైనల్లో 113కే ఆలౌటై కోల్‌కతాకు కప్పు అప్పగించినప్పుడు కూడా ఆ రుచి పోలేదు.

సొంత జట్టు అన్న మాటకు ఈ లీగ్‌లో ఎంత బలముందో ఆ నాలుగు ఓటముల్లో రెండు బాగా చూపించాయి. మార్చి 30 మ్యాచ్ జరిగింది విశాఖపట్నంలో. అది ఆ రోజు ఢిల్లీ క్యాపిటల్స్‌కు సొంతగడ్డ! విశాఖ కుర్రాడు నితీశ్ తన ఊళ్లో అతిథి జట్టు తరఫున బ్యాటు పట్టుకొచ్చి, స్టార్క్ బౌలింగ్‌లో ఖాతా తెరవకుండానే వెనుదిరిగాడు. స్టార్క్ ఐదు వికెట్లు తీశాడు. తెలుగు ప్రేక్షకుడు ఎవరి వైపు ఉండాలో తేల్చుకునేలోపే టాపార్డర్ కూలిపోయింది. వారం తర్వాత ఉప్పల్‌లో గుజరాత్ తరఫున బంతి అందుకున్నది హైదరాబాదీ మహ్మద్ సిరాజ్. మొదటి ఓవర్లోనే హెడ్‌ను పంపాడు, ఆ తర్వాత అభిషేక్‌ను పడగొట్టి ఐపీఎల్‌లో వంద వికెట్లు పూర్తి చేశాడు. 17 పరుగులకు 4 వికెట్లు, మ్యాన్ ఆఫ్ ది మ్యాచ్. 2017లో అతనికి ఐపీఎల్ గడప చూపించిందీ సన్‌రైజర్సే, ఏడాదికే వదులుకుందీ సన్‌రైజర్సే. మరో హైదరాబాదీ తిలక్ వర్మ ముంబైకి ఆడతాడు. ధోనీ వచ్చిన రోజు ఉప్పల్ స్టాండ్లు సగం పసుపు రంగులోకి మారిపోతాయి కాబట్టి ఈ విషయంలో యాజమాన్యాన్నే తిట్టి లాభం లేదనుకోండి.

క్రికెట్ దాటి చూసినా, ఓడిన తీరు చూడాలన్న పాఠమే కొంచెం తేడాతో కనిపిస్తుంది. కబడ్డీలో తెలుగు టైటాన్స్ ప్రో కబడ్డీ ఎనిమిది, తొమ్మిది, పది సీజన్లలో వరుసగా అట్టడుగున నిలిచింది. తొమ్మిదో సీజన్‌లో 22 మ్యాచ్‌లకు రెండే గెలుపులు. అలాంటి చరిత్ర ఉన్న జట్టు 2025లో విశాఖలో సొంత ప్రేక్షకుల ముందు మొదటి రెండు మ్యాచ్‌లూ ఓడితే, మళ్లీ మొదలైందిరా బాబూ అనుకోవడం సహజం. కానీ ఆ రెండూ దగ్గరదాకా వచ్చి చేజారినవి, చిత్తుగా ఓడినవి కావు. విజయ్ మలిక్ సారథ్యంలో ఆ జట్టు క్వాలిఫయర్ 2 వరకు వెళ్లి పుణేరి పల్టన్ చేతిలో ఆగింది. ఓడిన తీరు గమనించినవాడికి ఆశ మిగిలింది, పాత పట్టిక గుర్తున్నవాడికి మిగల్లేదు.

ఫుట్‌బాల్‌లో హైదరాబాద్ ఎఫ్‌సీ ఇంకో రకం. 2019లో మొదటి మ్యాచ్‌లోనే ఏటీకే చేతిలో 0-5తో ఓడి, ఆ సీజన్ ఆఖర్న నిలిచింది. మనోలో మార్కెజ్ శిక్షణలో 2022 మార్చిలో గోవాలో కేరళ బ్లాస్టర్స్‌ను పెనాల్టీల్లో ఓడించి ఐఎస్ఎల్ ఛాంపియన్ అయింది. గోల్‌కీపర్ కట్టిమని ఆ రాత్రి హీరో. రెండేళ్లకే జీతాల బకాయిలు, ఆటగాళ్ల వలసలతో జట్టు మళ్లీ అడుగుకు పడిపోయింది. 2023-24 సీజన్ మొదట్లో ఆ క్లబ్ పతనం కనిపించింది గోల్స్ లెక్కలో కంటే ఖాతా పుస్తకాల్లో. 2025లో ఆ క్లబ్ పేరు మార్చుకుని ఢిల్లీకి తరలిపోయింది. నగరం పెద్దగా గొడవ చేయలేదు. సన్‌రైజర్స్ నాలుగు మ్యాచ్‌లు ఓడితే రేగిన గొడవలో పదో వంతు కూడా లేదు.

2025లో సన్‌రైజర్స్ చివరికి ఏమైంది? మే 5న ఉప్పల్‌లో ఢిల్లీని 133కు కట్టడి చేసింది. కమిన్స్ పవర్‌ప్లేలోనే మూడు వికెట్లు తీశాడు. ఇన్నింగ్స్ విరామంలో వాన దంచికొట్టింది, మైదానం ఆరలేదు, ఒక్క బంతి కూడా బ్యాటింగ్ చేయకుండానే ప్లేఆఫ్ ఆశలు తుడిచిపెట్టుకుపోయాయి. ఒత్తిడి పోయాక చివరి మూడూ గెలిచి, కోల్‌కతా మీద 278 బాది, 13 పాయింట్లతో ఆరో స్థానంలో ఆగింది. నాలుగో స్థానంలో ఉన్న ముంబైవి 16. వానను తిట్టుకున్నవాళ్లున్నారు. అసలు నష్టం ఏప్రిల్ 6 నాటికే జరిగిపోయింది, దాని మూలం వేలంలో ఉంది.

కాబట్టి వచ్చే సీజన్ మొదటి రెండు వారాల్లో ఉప్పల్ నుంచి ఇంటికి వెళ్తూ తీర్పు చెప్పాలనిపిస్తే చెప్పండి. కాకపోతే ఎన్ని సిక్సర్లు పడ్డాయో కాకుండా, ఎదుటి జట్టు లక్ష్యాన్ని ఏ ఓవర్లో దాటిందో చూసి చెప్పండి.