గృహపరిశ్రమలు: జాతికోళ్ల పెంపకము



గోదావరీతీరమునుండి యొక సోదరి యిట్లు వ్రాసినది: “పందెపుకోళ్లను పెంచి సంక్రాంతికి అమ్మినచో మంచి లాభము వచ్చునట. పెట్టుబడికై మావారు నా మెడలోని గొలుసు నడుగుచున్నారు. ఇయ్యదగునా?” ఇట్టి ప్రశ్న పలు గృహములలో పుట్టునది గావున నందఱకును తెలియునట్లు బదులు వ్రాయుచున్నాను. కోళ్లను పెంచవచ్చును, గొలుసు నీయవలదు.

మనవారు పందెపుకోడి యనునది అసీలు జాతి. అసీలనగా అరబ్బీభాషలో శుద్ధమైనదని యర్థము. పొడవైన కాళ్లు, నిక్కిన మెడ, విశాలమైన వక్షము దీని లక్షణములు. ఈకల వన్నెనుబట్టి డేగ, కాకి, నెమలి, సేతువ మున్నగు పేళ్లు గలవు. మంచి పుంజు 4, 5 కిలోలు తూగును. పెట్ట గ్రుడ్లు పెట్టుట తక్కువయే గాని, పొదుగుటయందును పిల్లలను కాచుటయందును దానికి సాటి లేదు.

కోళ్లపోరు ప్రాచీనమైన వినోదమే. వాత్స్యాయనుడు చెప్పిన 64 కళలలో నిదియు నొకటి. దండి దశకుమారచరితమునను కోళ్లపోరు కలదు. ప్రాచీనమగుటచేతనే యది మంచిదని తలపరాదు. నాయకురాలు నాగమ్మతో కోడిపందెమున నోడి బ్రహ్మనాయని పక్షమువారు రాజ్యము విడిచి వలసపోయిరి. ఆ పగ కార్యమపూడి రణరంగమున గాని చల్లాఱలేదు. నేడో, జంతువులను పోరునకు పురికొల్పుట 1960వ సంవత్సరపు జంతుహింసా నివారణ చట్టముచే నేరము. కోడిని పెంచుట తప్పుగాదు. కాలికి కత్తి కట్టి బరిలో దింపుట తప్పు. పండుగ మూడు దినములను, బరిలోని గెలుపును నమ్ముకొన్న బేరమునకు స్త్రీధనము నొడ్డుట యెట్లు?

పోరు లేనిచో నీ జాతికి విలువ యేదని యడుగువారు గలరు. విలువ దాని దేహపుష్టియందున్నది. 19వ శతాబ్దమున ఇంగ్లండులోని కార్న్‌వాల్ సీమవారు అసీలును ఇతర జాతులతో సంకరించి కార్నిష్ అను జాతిని సృష్టించిరి. నేడు లోకమంతటను మాంసమునకై పెంచు బ్రాయిలరు కోడి పుట్టుకలో ఆ కార్నిష్ పాలు గలదు. మన దేశముననే ఇజ్జత్‌నగరములోని కేంద్ర పక్షి పరిశోధన సంస్థవారు అసీలునుండి నిర్భీక్ అను పెరటికోడిని రూపొందించిరి.

ఇక పెంపకము. ఒక పుంజును, అయిదు పెట్టలను కొని ప్రారంభించిన చాలును. పుంజు, పెట్టలు ఒకే తల్లి పిల్లలు గాకుండ చూడవలెను. గూడు తూర్పుపడమరలుగా పొడవుండవలెను. నేల మెరకగాను పొడిగాను ఉండవలెను. ముంగిసయు పిల్లియు చొరకుండ వల బిగింపవలెను. పెట్టక్రింద 10, 12 గ్రుడ్లు పెట్టి, ఏడవనాటి రాత్రి దీపమున కడ్డముగా పట్టి చూడుడు. ఎఱ్ఱని నరములు కానరాని గ్రుడ్లను తీసివేయుడు. 21 దినములకు పిల్లలగును.

కొక్కెర తెగులు వచ్చెనా, గూడంతయు నొక్క వారములో ఖాళీయగును. అందుచే పుట్టిన 5, 7 దినముల నడుమ లసోటా చుక్కలను, ఎనిమిదవ వారమున రెక్కక్రింద టీకాను పశువైద్యశాలలో తప్పక వేయింపవలెను. జొన్నలు, సజ్జలు, వరినూకలు, వేరుసెనగ పిండి, కొంచెము గుల్లపొడి, ఆకుకూరలు మంచి మేత. బరికై పెంచువారు బాదముపప్పు, మాంసపు ఖైమా మేపుదురు. లాభమంతయు కోడికడుపులోనికే పోవును.

పుంజుపిల్లలు మూడు నాలుగు నెలలకే కలహించును. వానిని వేఱువేఱుగా, ఒకదాని కొకటి కనబడకుండ నుంచవలెను. ఇందుకు చోటును ఓపికయు చాలవలెను. చాలనిచో పుంజులను త్వరగా అమ్మివేయుట మేలు.

చుట్టుప్రక్కల రైతులకు విత్తనపు జతలు, పొదుగుటకు గ్రుడ్లు, తినువారికి మాంసము: ఇవియే యమ్మకములు. పందెగానివ్వగల వెల యిందు రాదు. కాని యిది పండుగతో ముగియక ఏడాది పొడుగునను వచ్చును. కోళ్ల లెక్క వేఱొక పుస్తకమున మీ చేతనే వ్రాయుడు. మేతకైన ప్రతి రూపాయయు అందుండవలెను. కత్తి కట్టుటకని తెలిసిన వానికి కోడి నమ్మవలెనా మానవలెనా యన్నచో, ఆ పుస్తకము వ్రాసిన చేతికే ఆ మాట చెప్పు హక్కు గలదు. మానుడనియే నా మనవి.