పోల్ డాన్స్ నేర్చుకుంటున్నారా? ముందు భుజం సంగతి చూసుకోండి

"పోల్ డాన్స్ క్లాసుకు వెళ్ళడం మొదలుపెట్టి నాలుగు నెలలైంది. తొడల మీద కమిలిన మచ్చలు చూసి మా అత్తగారు పాపం మా వారినే అనుమానించారు. మచ్చల సంగతి ఎలా ఉన్నా, ఈమధ్య కుడిభుజం రాత్రిపూట సలుపుతోంది. ఇంట్లో చెబితే క్లాసు మానేయమంటారని చెప్పడంలేదు. ఏం చేయమంటారు?"

ఇదీ ఒక సోదరి రాసిన ఉత్తరం సారాంశం. మీలో చాలామందికి ఈ వ్యాయామం కొత్త కావచ్చు. నగరాలలో ఆడపిల్లలు, ఉద్యోగం చేసే స్త్రీలు, కొందరు మగవారు కూడా ఇప్పుడు దీనిని నేర్చుకుంటున్నారు. ఫోనులో వీడియోలు చూసి ఇంట్లోనే మొదలుపెట్టేవారూ ఉన్నారు. అందుచేత ఈ వారం దీని గురించే చెప్పుకుందాం.

ఇది డాన్సా, కసరత్తా?

రెండూను. నిలువుగా బిగించిన ఉక్కు గొట్టాన్ని చేతులతో, మోకాళ్ళ వెనుక భాగంతో, తొడలతో పట్టుకుని ఎక్కడం, తిరగడం, తలకిందులుగా నిలవడం ఇందులో ఉంటాయి. ఈ గొట్టం మందం సాధారణంగా 45 మిల్లీమీటర్లు. పేరు వినగానే కొందరు మొహం చిట్లిస్తారు. కాని స్తంభం మీద కసరత్తు మన దేశానికి కొత్త కాదు. కల్యాణి చాళుక్యరాజు సోమేశ్వరుడు 12వ శతాబ్దంలో రచించిన మానసోల్లాసంలో మల్లుల స్తంభ వ్యాయామం ప్రస్తావన ఉంది. మహారాష్ట్రలో మల్లఖంభ్ పేరుతో అది నేటికీ నిలిచి ఉంది. 1936 బెర్లిన్ ఒలింపిక్స్ సమయంలో అమరావతి వ్యాయామశాల వారు దానిని ప్రదర్శించారు. 2019 ఫిబ్రవరిలో ముంబయిలో ప్రపంచ పోటీలు కూడా జరిగాయి. కనుక సిగ్గుపడవలసిన పని లేదు. జాగ్రత్తపడవలసిన పని మాత్రం ఉంది.

ముందుగా డాక్టరును అడగవలసినవారు

తలకిందులుగా ఉన్నప్పుడు కళ్ళలోను, తలలోను ఒత్తిడి పెరుగుతుంది. రక్తపోటు అదుపులో లేనివారు, గ్లకోమా ఉన్నవారు, కంటి రెటీనాకు జబ్బు చేసినవారు, గుండెజబ్బు ఉన్నవారు, తరచు కళ్ళు తిరిగేవారు, మెడ ఎముకలు అరిగినవారు డాక్టరు అనుమతి లేకుండా తలకిందులు కావద్దు. గర్భిణులు ఇది కొత్తగా మొదలుపెట్టకూడదు. కాన్పు తరువాత, ముఖ్యంగా సిజేరియన్ అయినవారు, పొట్ట కండరాలు గట్టిపడి డాక్టరు సరేననేదాకా ఆగాలి. నెలసరి రోజులలో చేయరాదని వైద్యశాస్త్రం చెప్పలేదు. ఒంట్లో బాగుంటే చేయవచ్చు, లేకుంటే మానవచ్చు.

అసలు చిక్కు భుజంతోనే

భుజం కీలు మన శరీరంలో అన్నివైపులా ఎక్కువగా తిరిగే కీలు. అంత స్వేచ్ఛ ఉంది కాబట్టే అంత బలహీనం కూడా. ఆ కీలును నాలుగు చిన్న కండరాలు చుట్టూ పట్టుకుని ఉంచుతాయి. చేయి పైకెత్తి, భుజం చెవిదాకా లేచిపోయేటట్లు ఒళ్ళు వదిలేసి వేలాడితే, బరువంతా ఆ కండరాల నరాల మీద, కీలు చుట్టూ ఉన్న పట్టీల మీద పడుతుంది. రోజూ ఇలా చేస్తే అవి వాచి, రాత్రి ఆ వైపు తిరిగి పడుకుంటే సలుపు మొదలవుతుంది. ఉత్తరం రాసిన సోదరి బాధ ఇలాంటిదే కావచ్చు. చూడకుండా నిర్ణయించడం మాత్రం తగదు.

ఇంకొక సంగతి గమనించండి. కండరం కొద్ది వారాలలో బలపడుతుంది. కండరాన్ని ఎముకకు కట్టి ఉంచే స్నాయువు బలపడడానికి నెలలు పడుతుంది. మూడు నాలుగు నెలలు గడిచేసరికి "నాకు బలం వచ్చింది" అని ధైర్యం పెరుగుతుంది. స్నాయువు ఇంకా వెనుకే ఉంటుంది. చాలామందికి దెబ్బ తగిలేది ఈ దశలోనే.

అందుకని ఈ నియమాలు పాటించండి.

మొదట 10, 15 నిమిషాలు ఒళ్ళు వేడెక్కించండి. ఉన్నచోటనే నడక, భుజాలు గుండ్రంగా తిప్పడం, మణికట్లు తిప్పడం, గుంజీళ్ళు చాలు. పోల్ పట్టుకుని కాళ్ళు నేలమీదే ఉంచి, భుజాలను చెవులకు దూరంగా కిందికి దించండి. 10 సెకన్లు అలా ఉండి వదలండి. ఇలా అయిదుసార్లు. ఇది అలవాటయ్యాకనే కాళ్ళు పైకెత్తాలి. ఎగిరి ఊపుతో తలకిందులు కావడం చెడ్డ అలవాటు. పొట్ట బలంతో మెల్లగా కాళ్ళు లేపగలిగినప్పుడే ఆ పని చేయండి.

కుడివైపు ఎన్నిసార్లు తిరిగితే ఎడమవైపూ అన్నిసార్లు తిరగండి. ఎడమచేయి మొండికేస్తుంది. అయినా వదలకండి. ఒకే వైపు సాధన చేసేవారికి ఒక భుజం, ఒక మోచేయి ముందుగా దెబ్బతింటాయి.

కొబ్బరినూనె రాసుకుని వెళ్ళకండి

మల్లఖంభ్‌లో కర్ర స్తంభానికి ఆముదం రాస్తారు కదా, మేము మాత్రం ఎందుకు రాసుకోకూడదని మీరు అడగవచ్చు. కర్ర ఒంటికి బాగా రాసుకుంటుంది. ఆముదం ఆ రాపిడిని తగ్గించి చర్మాన్ని కాపాడుతుంది. ఉక్కు నున్నగా ఉంటుంది. దానిమీద నూనె పడితే చేయి నిలవదు. కాబట్టి క్లాసు ఉన్న రోజున కాళ్ళకు, చేతులకు నూనె, క్రీము, పౌడరు ఏవీ వద్దు. తలకు రాసుకున్న కొబ్బరినూనె కూడా మెడమీదుగా చేతికి అంటుతుంది. తలంటు క్లాసు అయ్యాక పెట్టుకోండి.

మన వేసవి చెమట ఇంకొక శత్రువు. పొడిబట్టతో చేతులు, పోల్ మాటిమాటికీ తుడవండి. జిమ్నాస్టులు వాడే తెల్లటి మెగ్నీషియం కార్బొనేట్ పొడి కొద్దిగా రుద్దుకోవచ్చు. చేయి జారుతున్నట్లు అనిపిస్తే "ఇంకొక్కసారి" అనుకోకుండా దిగిపొండి.

పొట్టి లాగు ఎందుకు వేసుకోవాలని చాలా ఇళ్ళలో వాదన. అందం కోసం కాదు. తొడతోను, మోకాలి వెనుక భాగంతోను పట్టు కావాలంటే చర్మం పోల్‌కు తగలాలి. బట్ట జారుతుంది. చేతులతో తిరిగే మొదటి పాఠాలు పొడుగు లాగుతో నేర్చుకోవచ్చు. కాళ్ళతో వేలాడే పాఠం వచ్చినప్పుడు మాత్రం మొహమాటపడితే పడిపోతారు. ఆడవారి క్లాసు విడిగా ఉన్నచోటు చూసుకుంటే ఇబ్బంది ఉండదు.

నగల విషయంలో రాజీ వద్దు. ఉంగరం ఇరుక్కుని శరీరం జారితే వేలి చర్మం ఊడివచ్చే ప్రమాదం ఉంది. గాజులు, పట్టీలు, మెట్టెలు తీసి పెట్టండి. మెడలో గొలుసుగాని, తాళిగాని తలకిందులైనప్పుడు గొంతుకు చుట్టుకోవచ్చు. ఆ గంటసేపు దేవుడి గూట్లో పెట్టి వెళ్ళడంలో తప్పేమీ లేదు.

కమిలిన మచ్చలు

గట్టి లోహానికి చర్మం ఒత్తుకున్నప్పుడు కింద ఉన్న సన్నటి రక్తనాళాలు చిట్లుతాయి. మొదట ఎర్రగా, తరువాత నీలంగా, పిమ్మట ఆకుపచ్చగా, పసుపుగా మారి సుమారు రెండు వారాలలో మచ్చ పోతుంది. మొదటిరోజు గుడ్డలో చుట్టిన ఐసు 10 నిమిషాలు ఉంచండి. వేడినూనెతో గట్టిగా మర్దన చేయడం మన ఇళ్ళలో అలవాటు. మొదటి రెండు రోజులు అది చేయకండి, లోపల రక్తం ఇంకా కారుతుంది. దెబ్బ తగలకుండానే మచ్చలు వస్తున్నా, చిగుళ్ళ నుంచి రక్తం వస్తున్నా, నెలసరి రక్తస్రావం ఎక్కువైనా రక్తపరీక్ష చేయించుకోండి. రక్తం పలచబడే మందులు, ఆస్పిరిన్ వాడేవారు ముందుగా డాక్టరుతో మాట్లాడాలి.

ఇంట్లో పోల్ బిగించేవారికి

ఇది చాలా ముఖ్యం. నేలకూ కప్పుకూ మధ్య మరలు తిప్పి బిగించే పోల్‌కు పైన గట్టి కాంక్రీటు శ్లాబు ఉండాలి. అందం కోసం వేసిన ఫాల్స్ సీలింగ్ కింద బిగిస్తే మనిషితో సహా కూలుతుంది. చుట్టూ చేతులు, కాళ్ళు చాచినా గోడ, మంచం, టీవీ బల్ల, ఫ్యాను రెక్క తగలకూడదు. ప్రతిసారి ఎక్కేముందు బిగింపు సరిచూడండి. కింద మందపాటి పరుపు వేయండి, అయితే దానిని నమ్మి సాహసాలు చేయకండి. పరుపు మెడను కాపాడుతుందనే హామీ లేదు. ఇంట్లో ఒంటరిగా ఉన్నప్పుడు తలకిందులు విన్యాసాలు వద్దు. పిల్లలు మీరు లేనప్పుడు ఎక్కకుండా చూడండి.

తిండి, విశ్రాంతి

భోజనం చేసిన రెండు గంటల తరువాతనే సాధన చేయండి. ఖాళీ కడుపుతోనూ వద్దు, గంట ముందు ఒక అరటిపండు తినవచ్చు. సన్నబడాలని అన్నం, పప్పు మానేసి పోల్ ఎక్కేవారు కళ్ళు తిరిగి పడతారు. పెద్దవారికి రోజుకు కిలో బరువుకు 0.83 గ్రాముల మాంసకృత్తులు కావాలని హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ లెక్క. అంటే 60 కిలోల మనిషికి సుమారు 50 గ్రాములు. కసరత్తు చేసేవారికి మరికొంత కావాలి. ప్రతి పూటా పప్పు, గుడ్డు, పెరుగు, శనగలు, చేప వీటిలో ఏదో ఒకటి ఉండేటట్లు చూసుకోండి.

2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం మన దేశంలో 15 నుంచి 49 ఏళ్ళ స్త్రీలలో 57 శాతం మందికి రక్తహీనత ఉంది. రెండు మెట్లెక్కితే ఆయాసం, తొందరగా అలసట ఉంటే క్లాసు ఫీజు కట్టేముందు హీమోగ్లోబిన్ పరీక్ష చేయించుకోండి.

వారానికి రెండు మూడు రోజులు చాలు. ఒక రోజు చేస్తే మరునాడు భుజాలకు సెలవు. ఆ రోజున నడక మంచిది.

నొప్పిని దాచకండి

కండరాలు బరువెక్కి, రెండు మూడు రోజులలో తగ్గే నొప్పి మామూలే. రాత్రి నిద్రలేపే నొప్పి, చేయి తలపైకి ఎత్తలేకపోవడం, వేళ్ళు తిమ్మిరెక్కడం, ఒకటి రెండు వారాలైనా తగ్గని సలుపు మామూలివి కావు. ఆ సోదరి వెంటనే పోల్ ఆపి, ఎముకల డాక్టరుకు భుజం చూపించాలి. తొందరగా చూపించుకున్నవారిలో చాలామందికి విశ్రాంతి, ఫిజియోథెరపీ, మెల్లమెల్లగా పెంచే వ్యాయామాలతో సరిపోతుంది. దాచిపెట్టి, నొప్పి మాత్రలు మింగి క్లాసుకు వెళితే పట్టేసిన భుజంతో జడ వేసుకోవడానికే కష్టమవుతుంది. ఇంట్లో కూడా చెప్పాలి. మచ్చలు ఎలా వచ్చాయో తెలిస్తే అత్తగారి అనుమానం తీరుతుంది. దాచడం వల్లనే భయాలు పెరుగుతాయి. వీలైతే ఒకరోజు ఆవిడను క్లాసుకు తీసుకువెళ్ళండి.

ఎవరైనా తలమీద, మెడమీద పడితే లేపి కూర్చోబెట్టకండి. మెడనొప్పి, కాళ్ళుచేతులు తిమ్మిరి ఉంటే కదపకుండా 108కి ఫోను చేయండి. పడిన తరువాత వాంతులు, మగత, మాట తడబాటు కనిపిస్తే ఆస్పత్రికి తీసుకువెళ్ళడంలో ఆలస్యం చేయవద్దు. ఈ రెండు మాటలు క్లాసులో మీతో నేర్చుకునేవారికి కూడా చెప్పి ఉంచండి.