బరువు దించవలసింది ఎవరి భుజం మీద నుంచి?

నవంబరు వచ్చిందంటే హుకుంపేట చుట్టూ కొండల్లో కాఫీ పళ్ళు ఎర్రబడతాయి. జనవరి దాకా కోత, తొక్క తీత, ఎండబెట్టటం. ఆ మూడు నెలలు గిరిజన ఆడకూలీల చేతులకు తీరిక ఉండదు. తరువాత అవే కుటుంబాల కుర్రాళ్ళు పాడేరు మీదుగా విశాఖ బస్సెక్కి కట్టడం పనులు వెతుక్కుంటారు. ఊళ్ళో ఏడాది పొడుగునా పని ఇవ్వగలిగినవి కొద్దిపాటి చిన్న యూనిట్లే: పల్పరు పెట్టుకున్నవాడు, పిండిమర, కుట్టుపని. వాళ్ళు మాతో అనే మాట ఒక్కటే: "ఇంకో ఇద్దరుంటే బాగుణ్ణు గాని, జీతాలెక్కడ్నుంచి తెత్తాం?"

ఈ మాట అబద్ధం కాదు. కూలీల పక్షాన నిలబడ్డ మేము ఈ మాట ఒప్పుకోవటానికి సంకోచించం. నలుగురితో తానూ రెక్కలు ముక్కలు చేసుకునే యజమానినీ, వేలమందితో పనిచేయించుకునే కంపెనీనీ ఒకే గాటన కట్టటం న్యాయం కాదు. కాని పాలకులు చేస్తున్నది సరిగ్గా అదే.

జీతాల భారం తగ్గించి ఉద్యోగాలు పెంచుతామంటూ కేంద్ర ప్రభుత్వం ప్రధానమంత్రి వికసిత్ భారత్ రోజ్‌గార్ యోజన తెచ్చింది. 2025 ఆగస్టు 1 నుంచి 2027 జూలై 31 వరకు ఇచ్చే కొత్త ఉద్యోగాలకు ఇది వర్తిస్తుంది. కేటాయింపు రు. 99,446 కోట్లు. కొత్తగా పెట్టుకున్న ఒక్కొక్క మనిషికి యజమానికి నెలకు రు. 3,000 దాకా ఇస్తారు. వినటానికి బాగానే ఉన్నది. మరి హుకుంపేటకు ఇందులో ఏమున్నది?

ఈ డబ్బు పి.ఎఫ్.లో నమోదైన సంస్థలకే. పి.ఎఫ్. తప్పనిసరి అయ్యేది 20 మంది పనిచేసే చోట, ఇ.ఎస్.ఐ. అయితే 10 మంది. మన పిండిమర ఆ గీత దాకా ఎన్నడూ పోదు. తానై నమోదు కావచ్చు కదా అంటారు. లెక్క వేసి చూద్దాం. నెలకు రు. 9,000 జీతంతో నలుగురున్నారు, ఇంకో ఇద్దరిని పెట్టుకున్నాడు అనుకోండి. నమోదయితే ఆరుగురికీ యజమాని వాటా 10 శాతం, అనగా మనిషికి రు. 900, మొత్తం రు. 5,400 ప్రతి నెలా కట్టాలి. రు. 10,000 లోపు జీతానికి పథకం ఇచ్చేది మనిషికి రు. 1,000 మించదు. ఇద్దరికీ కలిపి రు. 2,000 దాటదు. యాభై నాలుగు వందలు కట్టి రెండు వేలు పుచ్చుకోమంటే ఏ బీదవాడు ముందుకొస్తాడు? పైగా కొత్తవాళ్ళను ఆరు నెలలు నిలపాలట! అయ్యవారు వచ్చేదాకా అమావాస్య ఆగుతుందా? మూడు నెలల కాఫీ కోత ఈ లెక్కలోకే రాదు.

కాగా పెద్ద కంపెనీకి పి.ఎఫ్. ఎలాగూ ఉన్నది, లెక్కలు రాసే గుమాస్తాలూ ఉన్నారు. ఎటూ పెట్టుకోబోయే మనుషులకే అది ఖజానా సొమ్ము అందుకోగలదు. 2019 జూలైలో ఇ.ఎస్.ఐ.లో యజమాని వాటాను 4.75 నుంచి 3.25 శాతానికి తగ్గించినప్పుడూ చిన్నా పెద్దా తేడా చూడలేదు.

ఇంకో ప్రమాదం ఉన్నది. భారం తగ్గించటమంటే కూలీ హక్కు తీసెయ్యటమే అనేవాళ్ళున్నారు. చిన్న యూనిట్లకు పి.ఎఫ్., కనీస వేతనం, ప్రమాద పరిహారం ఏవీ వద్దంటారు. అప్పుడు దిగేది బరువు కాదు, అది యజమాని భుజం నుంచి కూలీ వీపు మీదికి మారుతుంది. "పని దొరికితే సాలు బాబూ, పీ.ఎఫ్. అంటే ఏటి?" అని అడిగే తల్లి ముసలితనంలో ఎవరి గుమ్మం తొక్కాలి? ఫ్రాన్సులో 1993 నుంచి తక్కువ జీతాల మీద యజమాని చందా తగ్గిస్తూ వచ్చారు. ఆ లోటును ఖజానా పూరించింది గాని కార్మికుని వైద్యం, పింఛను కొట్టెయ్యలేదు. మన దేశంలోనూ 2018 ఏప్రిల్ నుంచి కొత్త కార్మికుల తరఫున యజమాని వాటా 12 శాతం మూడేళ్ళు కేంద్రమే కట్టే ఏర్పాటు కొంతకాలం నడిచింది. కనుక చెయ్యలేని పనేమీ కాదు.

మేము అడిగేది ఇదే. ఏజెన్సీలో 20 మంది లోపు ఉన్న యూనిటు తానై నమోదయితే, పాతా కొత్తా కార్మికులందరి మీదా యజమాని వాటాను మూడేళ్ళపాటు ప్రభుత్వమే కట్టాలి. కోత కాలపు పనిదినాలనూ లెక్కలోకి తియ్యాలి. ఆడిటరు చుట్టూ తిరగనక్కరలేకుండా మండల కేంద్రంలోనే నమోదు జరగాలి. పాతవాళ్ళను తీసేసి కొత్తవాళ్ళను చూపించినవాడికి పైసా ఇవ్వకూడదు. ప్రతి కూలీ చేతికీ జీతం చీటీ అందాలి.

చిన్న యజమాని కూలీకి శత్రువు కాడు. ఇద్దరినీ తగువు పెట్టి పెద్దవాడి ఇల్లు నింపే విధానమే ఇద్దరికీ శత్రువు. ఈ సంగతి ఇద్దరూ ఒకచోట కూచుని మాట్లాడుకోవాలి. హుకుంపేట సంతలోనే మొదలు పెడదాం.