విజిల్ వినబడని మైదానం

అమెరికన్లు ఫుట్‌బాల్ అని పిలిచే ఆట మనమెరిగిన ఫుట్‌బాల్ కాదు. అందులో బంతి కోలగా ఉంటుంది. కాలికంటె చేతికే పని ఎక్కువ. పదకొండుమంది నాలుగు ప్రయత్నాలలో పది గజాలు ముందుకు సాగాలి. లేదా బంతి ఎదుటివారి పరమవుతుంది. ప్రతి ప్రయత్నానికీ ఒక వ్యూహముంటుంది. దానిని ఆరంభించే సంకేతాన్ని క్వార్టర్‌బ్యాక్ గొంతెత్తి అరుస్తాడు. మరి, జట్టులో ఎవరికీ ఆ అరుపు వినబడకపోతే?

వాషింగ్టన్‌లోని గాలడెట్ విశ్వవిద్యాలయం శతాబ్దానికి పైగా ఈ ప్రశ్నకు మైదానంలోనే సమాధానం చెబుతున్నది. బధిరుల ఉన్నత విద్యకోసం 1864లో అధ్యక్షుడు లింకన్ సంతకంతో కళాశాలగా వెలసిన సంస్థ అది. 1890లలో అక్కడి క్వార్టర్‌బ్యాక్ పాల్ హబ్బర్డ్‌కు ఒక చిక్కు ఎదురైంది. ప్రత్యర్థులు కూడా బధిరులే అయినప్పుడు అతని సంజ్ఞలు వారికీ అర్థమయ్యేవి. అందుకని తనవారిని వలయంగా నిలబెట్టి, ఆ చాటున సంజ్ఞలు చేశాడు. ఆ వలయమే ‘హడిల్’ అనే పేరుతో అమెరికన్ ఫుట్‌బాల్‌లో స్థిరపడింది. 2003 ప్రపంచకప్‌లో గంగూలీ జట్టు భుజాలు కలిపి నిలిచిన దృశ్యం మనకు గుర్తే కదా!

ఒకప్పుడు గాలడెట్‌వారు మైదానం అంచున పెద్ద ఢంకా మోగించేవారు. ఆ మోత చెవికి కాదు, దేహానికి అందేది. బంతి కదలికను కనిపెట్టి ఒక్కుమ్మడిగా లేవడం కూడా వారు అలవరచుకున్నారు. ఇందులో ఒక లాభమున్నది: ప్రేక్షకుల కేకలు వారి ఏకాగ్రతను చెదరగొట్టలేవు. నష్టమూ లేకపోలేదు. విజిల్ వినబడక, ఆట ఆగిన తరువాత ఎదుటివాణ్ణి ఢీకొంటే శిక్ష తప్పదు.

ఈ జట్టు ఆడేది కళాశాలల పోటీలలో మూడవ శ్రేణి. క్రీడా ప్రతిభకు అక్కడ విద్యార్థి వేతనాలు లేవు; ఆట మీది మమకారమే పెట్టుబడి. శిక్షకుడు చక్ గోల్డ్‌స్టీన్ వినగలవాడే అయినా, సంజ్ఞాభాష నేర్చి ఆ భాషలోనే జట్టును నడిపాడు. 2013లో ఈస్టర్న్ కాలేజియేట్ ఫుట్‌బాల్ కాన్ఫరెన్స్‌లో ఆ శ్రమ ఫలించింది. పది ఆటలలో తొమ్మిది గెలిచి జట్టు ఛాంపియన్‌గా నిలిచింది; తన చరిత్రలో మొదటిసారి జాతీయ ప్లేఆఫ్‌లలో అడుగుపెట్టింది. తొలి ఆటలోనే హోబర్ట్ కళాశాల చేతిలో 34-7 తేడాతో ఓడిపోయింది. కాని ఆ ఓటమికి ముందు గెలిచిన తొమ్మిది ఆటలలో ఏ ఒక్కటీ జాలితో దక్కినది కాదు.

2023 అక్టోబరులో మరో ముచ్చట జరిగింది. శిక్షకుడు ఎంచిన వ్యూహం క్వార్టర్‌బ్యాక్ కంటి ముందర కనిపించేలా, చిన్న తెర అమర్చిన శిరస్త్రాణాన్ని ఈ జట్టు ప్రయోగించి చూసింది. వరుసగా నాలుగు ఆటలు ఓడిన జట్టు, ఆనాడు హిల్బర్ట్ కళాశాలపై 34-20తో గెలిచింది.

లోపమున్నవారికి చేసే సదుపాయాన్ని మనం దయగా భావిస్తాం. హబ్బర్డ్ తన అవసరం కోసం కల్పించుకున్న వలయంలో నేడు వినగలిగిన జట్లే ఎక్కువగా నిలబడుతున్నాయి. ఇక్కడ ఉపకారం ఎవరు పొందినట్లు?