గాలికుంటు టీకాకు విత్తనం మన కొట్టంలోనే ఉంది



ఊళ్లోకి టీకా బృందం వస్తోందంటే చాలు, కొందరు పొద్దున్నే పశువుల్ని తోలుకుని పొలానికి వెళ్లిపోతున్నారు. "పాలు తగ్గిపోతాయి", "టీకా వేస్తేనే గాలికుంటు వస్తుంది" అని మాటలు. ఆ టీకా ఎట్లా తయారవుతుందో తెలిస్తే ఈ భయం చాలావరకు పోతుంది. మనం గట్టిగా అడగాల్సిందేమిటో కూడా తెలుస్తుంది.

వైరస్ అంటే బంగారుతీగ లాంటిది. ఇంకో పచ్చని మొక్క మీద పాకితే తప్ప బంగారుతీగ బతకదు. వైరస్ కూడా అంతే, బతికున్న కణంలోనే పెరుగుతుంది. అందుకని ఒకప్పుడు యూరప్‌లో మంచి పశువులకే రోగం అంటించి, నాలుక మీది బొబ్బల నుంచి వైరస్ తీసి టీకా చేసేవాళ్లు. తర్వాత హాలెండ్‌లో ఫ్రెంకెల్ అనే శాస్త్రవేత్త, కబేళాలో కోసిన పశువుల నాలుక పొరను సీసాల్లో బతికించి, దాంట్లో వైరస్ పెంచాడు. 1961లో గ్లాస్గోలో మాక్‌ఫెర్సన్, స్టోకర్ అనే ఇద్దరు, ఎలుక జాతికి చెందిన హామ్‌స్టర్ పిల్లల మూత్రపిండాల నుంచి కణాలు తీసి, ఆగకుండా పెరిగే వరసను తయారుచేశారు. దాని పేరు బీహెచ్‌కే-21. ఆ మరుసటి ఏడాదే ఇంగ్లండ్‌లో గాలికుంటు వైరస్‌ను దాంట్లో పెంచారు.

గోపాలమిత్ర క్యాన్‌లో వీర్యం స్ట్రాలు నైట్రోజన్‌లో ఉంటాయి కదా, ఈ కణాలనూ అట్లాగే దాస్తారు. కావాల్సినప్పుడు తీసి పెద్ద ట్యాంకుల్లో పెంచుతారు. వాటిలో వైరస్ వేస్తారు. అది పెరిగాక మందుతో చంపి టీకా చేస్తారు. మన హైదరాబాద్ గచ్చిబౌలిలో తయారైన టీకాదీ ఇదే దారి.

చచ్చిన వైరస్ రోగం తేదు. రెండు మూడు రోజులు పాలు కాస్త తగ్గొచ్చు, అది నిజమే. కానీ గాలికుంటు వస్తే ఆ ఈతకు పాలే పోతాయి, ఎద్దు కాడికి పనికిరాదు. టీకా బలం ఒంటికి పట్టడానికి రెండు వారాలైనా కావాలి. ఆలోపు రోగం తగిలితే ఆ తప్పు టీకాది కాదు. ఒకే సూదితో ఊరంతా పొడిస్తే మాత్రం రోగం పాకే ప్రమాదం ఉంది. కాబట్టి పశువుకో సూది అడగండి. ఐస్ పెట్టెలో తెచ్చారా లేదా చూడండి. ఎండలో తిప్పిన టీకా నీళ్లతో సమానం.

ఇప్పుడు అసలు విషయం. కణాల వరస నారుమడి అయితే, వైరస్ విత్తనం. మడి ఎంత బాగున్నా పాత విత్తనం పోస్తే ఏం లాభం? మన దేశంలో ఓ, ఏ, ఏషియా-1 అని మూడు రకాల గాలికుంటు తిరుగుతోంది. ఒకదాని టీకా ఇంకోదాన్ని ఆపదు. ఒకే రకంలోనూ వైరస్ మారుతూ ఉంటుంది. 'ఏ' రకం అట్లా మారిపోయినందుకే 1977 నాటి విత్తనాన్ని పక్కనపెట్టి, 2000లో దొరికిన వైరస్‌ను టీకాలోకి తీసుకున్నారు. అది దొరికింది కూడా రోగం వచ్చిన పశువు దగ్గరే!

అందుకే చెబుతున్నా, కొట్టంలో రోగం కనిపిస్తే దాచిపెట్టకండి. పసుపు, పటిక రాయకముందే డాక్టరుకు ఫోన్ చేయండి. తాజా బొబ్బ నీరు, ఊడిన పొర తీయించండి. బొబ్బ పగిలి మానితే వైరస్ దొరకడం కష్టం. భువనేశ్వర్ దగ్గర అరుగుల్‌లో గాలికుంటు కోసమే జాతీయ సంస్థ ఉంది. శాంపిల్ అక్కడిదాకా వెళ్లాలి.

ప్రభుత్వాన్ని కూడా అడుగుదాం. బయట తిరిగే వైరస్ బీహెచ్‌కే కణాల్లో తొందరగా పట్టుకోదు. దానికోసం జర్మనీలో మేక నాలుక కణాలతో ఇంకో వరస తయారుచేసుకున్నారు. ఇన్ని గేదెలున్న మన దేశంలో మన పశువుల కణాలతో అట్లాంటి వరసలు, మన ప్రభుత్వ ల్యాబుల్లో, మన డబ్బుతో ఎందుకు పెరగకూడదు? సబ్సిడీ దాణా కోసం అర్జీ పెట్టే మనం దీనికోసం ఒక్క అర్జీ పెట్టలేమా?

ఆర్నెల్లకోసారి టీకా వేయించండి. రోగం వస్తే శాంపిల్ ఇప్పించండి. మీ ఊరి పాల కేంద్రం గ్రూపులో ఈ మాట చెప్పండి.